డిష్షు ముందున్న గరాటు
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

సంఘం కార్యదర్శి ఫోన్ చేసి, "నువ్వు సాటిలైట్లలో పనిచేస్తావు కదా, దాని గురించి ఒక ఇరవై నిమిషాలు మాట్లాడు" అన్నాడు. నిజానికి నేను ఉపగ్రహాల్లో పనిచేయను. ముప్పై ఏళ్లుగా నేను చేసేది ఒకటే పని. డిష్ యాంటెన్నా ముందు, దానికి ఎదురుగా, గరాటు ఆకారంలో ఒక భాగం ఉంటుంది. దాన్ని లెక్క కట్టడం, చేయించడం, కొలవడం నా పని. దాన్ని హార్న్ అంటారు. డిష్షుకు తరంగాలను అందించేది కాబట్టి ఫీడ్ హార్న్. కొమ్ము అనవచ్చు, బూర అనవచ్చు. మా కర్మాగారంలో కుర్రాళ్లు గరాటు అంటారు. నేనూ ఆ మాటే వాడతాను.

డిష్షును అందరూ చూస్తారు. ఫోటోల్లో పడేది డిష్షే. గరాటును ఎవరూ చూడరు. కానీ గరాటు సరిగా లేకపోతే ఎంత పెద్ద డిష్షు కట్టినా అది మేడ మీద బోర్లించిన బాణలితో సమానం.

మన బడి 1975 జూన్‌లో రెండు రేకుల గదులతో మొదలైందని ఇందాక విన్నాం. అదే సంవత్సరం ఆగస్టు 1న మన దేశంలో ఇంకొకటి మొదలైంది. అమెరికా వాళ్ల ఏటీఎస్-6 అనే ఉపగ్రహాన్ని ఒక ఏడాది అరువు తెచ్చుకుని, ఆరు రాష్ట్రాల్లో 2400 పల్లెలకు నేరుగా టీవీ చూపించారు. దాన్ని సైట్ ప్రయోగం అన్నారు. మన పక్క కర్నూలు జిల్లా పల్లెలకు ఆ టీవీ వచ్చింది, తెలుగులో వచ్చింది. మనకు రాలేదు. ఆ పెట్టెలు తయారైంది హైదరాబాదులోని ఈసీఐఎల్‌లో. పల్లెల్లో పెట్టిన డిష్షు పది అడుగులది, కోళ్ల గూళ్లకు కట్టే వల లాంటి తీగ వలతో చేసింది. మన ఊరి కమ్మరి చేయగలిగినంత సులువైనది. గొప్పతనమంతా పైన ఉంది: ఏటీఎస్-6కు ముప్పై అడుగుల గొడుగు లాంటి యాంటెన్నా ఉండేది, అది అంతరిక్షంలోకి వెళ్లాక విప్పుకుంది. పైన అంత పెద్దది ఉంది కాబట్టి కింద తీగ వల సరిపోయింది.

ఆ పల్లెల డిష్షులకు నేను చెప్పే గరాటు పెట్టడం కుదరదు. కారణం చాలా మామూలుది. సైట్ ప్రసారం 860 మెగాహెర్ట్జ్‌లో వచ్చేది. ఆ తరంగం పొడవు 35 సెంటీమీటర్లు, అంటే మూరెడుకు కాస్త తక్కువ. గరాటు మూతి తరంగానికి ఒకటి రెండు రెట్లయినా ఉండాలి. డిష్షు నడిబొడ్డున గంగాళమంత గరాటు వేలాడదీస్తే అది డిష్షు మీదే నీడ వేసి కూర్చుంటుంది. తర్వాత కేబుల్ టీవీ వాళ్లు వాడిన సీ-బ్యాండ్‌కు తరంగం పొడవు ఏడున్నర సెంటీమీటర్లు. ఇప్పుడు మన మిద్దెల మీదున్న డీటీహెచ్‌కు రెండున్నర. తరంగం పొట్టిదయ్యేకొద్దీ గరాటు అరచేతిలోకి వచ్చింది. మీ డీటీహెచ్ డిష్షు ముందు ముక్కులా పొడుచుకొచ్చిన దాన్ని చూడండి. ఆ ప్లాస్టిక్ మూత వెనక ఉన్నది చిన్న గరాటే.

గరాటు ఏం చేస్తుందో మనవాళ్లకు చెప్పడానికి నాకు పుస్తకం అక్కర్లేదు. బోరు కింద మడికి నీళ్లు కట్టినవాళ్లకు ఈ శాస్త్రం సగం వచ్చినట్టే. డిష్షు మడి అనుకోండి. గరాటు మడవ. యాంటెన్నాల్లో ఒక సౌకర్యం ఉంది: తరంగాన్ని పంపే దారీ, అందుకునే దారీ ఒకటే. అందుకని మేము అందుకునే డిష్షును లెక్క కట్టేటప్పుడు కూడా గరాటు నుంచి తరంగం బయటికి పారుతున్నట్టే ఊహించుకుంటాం. ఆ పారకం మడి మూలమూలలకూ ఎక్కాలి. గెనిమ దాటి ఒక్క చుక్క పోకూడదు. రెండూ ఒకేసారి కుదరవని నీళ్లు కట్టిన ప్రతివాడికీ తెలుసు. మూలలకు ఎక్కిద్దామని మడవ పెద్దది చేస్తే గెనిమ తెగుతుంది. గెనిమ తెగుతుందని భయపడి మడవ కట్టేస్తే అంచు మొక్కలు వాడిపోతాయి.

గరాటు మూతి వెడల్పే ఈ బేరం తేల్చేది. ఇక్కడ ఒక తిరకాసు ఉంది, కొత్తగా చేరిన ఇంజనీర్లకు కూడా అలవాటు కావడానికి కొన్నాళ్లు పడుతుంది: మూతి పెద్దదైతే పారకం సన్నగా పోతుంది, మూతి చిన్నదైతే వెడల్పుగా విచ్చుకుంటుంది. లోతైన డిష్షుకు చిన్న మూతి గరాటు కావాలి, ఎందుకంటే అది కూర్చున్న చోటు నుంచి డిష్షు అంచులు చాలా వెడల్పుగా, ఇటు 65, అటు 65 డిగ్రీల దాకా పరుచుకుని ఉంటాయి. పెద్ద భూకేంద్రాల్లో ముందు ఇంకో చిన్న అద్దం పెట్టి, గరాటును డిష్షు మధ్యలో కూర్చోబెడతారు. అక్కడ సన్నటి పారకం చాలు, అందుకే ఆ గరాట్లు మనిషంత ఉండవచ్చు.

మరి ఎంత పారించాలి? దశాబ్దాల అనుభవం చెప్పే లెక్క ఏమిటంటే, డిష్షు మధ్యలో పడే బలంలో పది పన్నెండో వంతు అంచున పడాలి. అంచు కొంచెం ఎండాలన్నమాట. అలా చేసినా మామూలు డిష్షుకు దాని వైశాల్యంలో 60, 70 శాతమే అక్కరకొస్తుంది. మిగతాది ఎండిన అంచుకూ, గెనిమ దాటినదానికీ, ఇంకా చిల్లర ఖర్చులకూ పోతుంది.

గెనిమ దాటడం వల్ల నష్టం నీళ్లు పోవడం ఒక్కటే కాదు. ఇక్కడ మన నేల సంగతి వస్తుంది. వేడిగా ఉన్న ప్రతి వస్తువూ రేడియో తరంగాలను వెదజల్లుతూనే ఉంటుంది. మే నెలలో మన దగ్గర గాలి 42 డిగ్రీలు. శాస్త్రం కొలతలో 315 కెల్విన్లు. నేల ఇంకా వేడి. మేఘం లేని మన ఆకాశం మాత్రం సీ-బ్యాండ్‌లో అయిదారు కెల్విన్లు మించదు, అంత చల్లన. ఇప్పుడు గరాటు చూపులో వందకు అయిదు వంతులు డిష్షు అంచు దాటి నేల మీద పడిందనుకోండి. 315లో అయిదు శాతం, దాదాపు 16 కెల్విన్లు. ఆకాశం నుంచి వచ్చే రొదకు ఇది మూడింతలు. 36,000 కిలోమీటర్ల దూరం నుంచి వచ్చే సన్నటి సంకేతం ఆ రొదలో మునిగిపోతుంది. కాబట్టి గరాటు చేసేవాడికి మన అనంతపురం ఒకేసారి వరం, శాపం. పైన ఇంత పొడి ఆకాశం దొరకదు. కింద ఇంత కాలిన నేలా దొరకదు.

వాన సంగతి కూడా చెప్పాలి. డీటీహెచ్ తరంగాన్ని వాన చినుకులు మింగేస్తాయి. పైగా తడిసిన మేఘం తన వేడిని రొదగా గరాటులోకి దింపుతుంది. గట్టి వాన పడితే బొమ్మ పోతుంది. మిగతా చోట్ల జనం కంపెనీకి ఫోన్లు చేసి తిడతారు. ఏడాదికి 550 మిల్లీమీటర్ల సగటు వాన ఉన్న మన జిల్లాలో టీవీ పోతే అందరూ వాకిట్లోకి వచ్చి నిలబడతారు. వాన వల్ల టీవీ పోయిందని మన దగ్గర ఏడ్చినవాణ్ణి నేను ఇంతవరకూ చూడలేదు.

నేను మొదటిసారి గరాటును చేత్తో పట్టుకున్నది 1992లో. మన అనంతపురం ఇంజనీరింగ్ కాలేజీలో చదువు అయిపోయి ఉద్యోగం కోసం చూస్తున్నాను. మా తరగతివాడొకడు పన్నెండు అడుగుల వల డిష్షు పెట్టి కేబుల్ టీవీ మొదలుపెట్టాడు. వాడి పేరు చెప్పను, ఇక్కడే ఉన్నాడు, నవ్వుతున్నాడు కూడా. అప్పుడు అందరూ పట్టేది ఆసియాశాట్. అది 105.5 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉండేది. మనకు ఆగ్నేయానికి ఇంకొంచెం తూర్పుగా, ఆకాశంలో దాదాపు 54 డిగ్రీల ఎత్తున. వాడు నిచ్చెన మీద, నేను కింద టీవీ ముందు. వాడు గరాటును దాని చట్టంలోనే కొంచెం కొంచెం తిప్పడం, నేను "రాలే... రాలే... ఆఁ, అక్కడే ఆపప్పా!" అని అరవడం. గంట సేపు అదే పని.

తిప్పితే ఎందుకు వచ్చింది? తరంగం ఊగడానికి ఒక దిశ ఉంటుంది. ఒకే పౌనఃపున్యం మీద ఒక ఛానెల్‌ను అడ్డంగా ఊపి, ఇంకో ఛానెల్‌ను నిలువుగా ఊపి పంపుతారు. ఒకే కాలువలో రెండు ఊళ్ల నీళ్లు కలవకుండా పారించడం లాంటిది. ఉపగ్రహం సరిగ్గా మన దక్షిణాన లేకుండా తూర్పుకు జరిగి ఉంటే ఆ అడ్డం, నిలువు మనకు వాలుగా కనిపిస్తాయి. గరాటు కూడా ఆ వాలుకే తిరగాలి. లేకపోతే ఒకదాని బొమ్మ మీద ఇంకొకటి గింజలు గింజలుగా పడుతుంది. ఇప్పుడు దూరదర్శన్ ఫ్రీ డిష్ పెట్టుకున్నవాళ్లు 93.5 డిగ్రీల దగ్గరున్న జీశాట్-15ను పడతారు. అనంతపురం నుంచి లెక్క కట్టుకుని వచ్చాను: దక్షిణం నుంచి తూర్పుకు 48 డిగ్రీలు తిరగండి, 65 డిగ్రీల ఎత్తు చూడండి, అక్కడ ఉంటుంది. దిక్సూచీ, కోణమానినీ ఉంటే ఎనిమిదో తరగతి పిల్లలు కూడా ఆ చోటు చూపించగలరు.

ఆ వల డిష్షు గురించి ఇంకో ముచ్చట. వేసవిలో ఒకనాడు బొమ్మలన్నీ ఒక్కసారిగా మసకబారాయి. కేబుళ్లు మార్చాడు, పెట్టె మార్చాడు, దిష్టి కూడా తీయించాడు. చివరికి గరాటు విప్పి చూస్తే మూత పగిలి ఉంది, లోపల కుమ్మరి పురుగు తడి మట్టితో గూడు కట్టింది. తడి మట్టి తరంగాన్ని తాగేస్తుంది. ఈ మాట నేను తర్వాత పెద్ద పెద్దవాళ్లకు చెప్పినప్పుడు ఎవరూ నవ్వలేదు, ఎందుకంటే ఇంతకన్నా పెద్ద కథ అందరికీ తెలుసు. అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రం హోమ్‌డెల్‌లో బెల్ ల్యాబ్స్ వాళ్లకు ఇరవై అడుగుల మూతి ఉన్న గరాటు ఒకటి ఉండేది. 1964లో పెంజియాస్, విల్సన్ అనే ఇద్దరు దాన్ని ఆకాశం వైపు తిప్పితే, ఎటు తిప్పినా పోని రొద ఒకటి మిగిలింది. దాదాపు మూడున్నర కెల్విన్లు. గరాటులో పావురాలు గూడు పెట్టుకుని రెట్టలు వేసి ఉన్నాయి. పావురాలను పట్టి పంపేశారు, రెట్టలు కడిగారు. రొద పోలేదు. అది విశ్వం పుట్టుక నాటి వేడిలో మిగిలిన చల్లారిన సెగ అని తేలింది. 1978లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది.

వాళ్లు విన్నది 4080 మెగాహెర్ట్జ్ దగ్గర. అది సీ-బ్యాండే. అంటే మావాడి కేబుల్ డిష్షు పట్టే రొదలో కూడా ఆ సెగ కలిసే ఉంది. రామాయణం సీరియలో, క్రికెట్టో చూస్తున్నామని మనం అనుకున్నాం కానీ, దాని అడుగున ఆ సెగ కూడా వస్తూనే ఉంది. వాళ్ల గరాటు అంత శుభ్రమైనది, గెనిమ దాటనిది కాబట్టి వాళ్లకు అది విడిగా వినపడింది. మనకు వినపడలేదు. ఇదీ గరాటు విలువ.

గరాటు పుట్టుకలో మన దేశం వాటా కూడా ఉంది. 1890లలో కలకత్తాలో జగదీశ్ చంద్ర బోస్ మిల్లీమీటర్ల పొడవున్న తరంగాలతో ప్రయోగాలు చేస్తూ రేకుతో గరాటు చేసి వాడాడు. 1897లో లండన్‌లో ఆ పరికరాలు చూపించాడు. ఆ తర్వాత లోకం పొడుగాటి తరంగాల వెంట పడి దాన్ని మర్చిపోయింది. 1930లలో అమెరికాలో మళ్లీ కనిపెట్టాల్సి వచ్చింది.

ఇక నా పనిలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన చోటు చెబుతాను. మామూలు నున్నటి గరాటుకు ఒక జబ్బు ఉంది. దాని లోపల తరంగం ఒక దిశలో గోడ దాకా బలంగా ఉంటుంది, ఇంకో దిశలో గోడ దగ్గరికి వచ్చేసరికి సున్నా అయిపోతుంది. అందువల్ల బయటికి పారేటప్పుడు తూర్పు పడమరలకు ఒక వెడల్పు, ఉత్తర దక్షిణాలకు ఇంకో వెడల్పు. ఒక గెనిమ తెగుతుంటే ఇంకో గెనిమ ఎండుతుంది. అడ్డం, నిలువు కూడా కలిసిపోతాయి. 1960లలో అమెరికా, ఆస్ట్రేలియా పరిశోధకులు దీనికి మందు కనిపెట్టారు. గరాటు లోపలి గోడ మీద చుట్టూ సన్నటి గాడులు కోశారు, బావి వరల్లాగా ఒకదాని కింద ఒకటి. ఒక్కో గాడి లోతు తరంగంలో పావు వంతు. గాడిలోకి పావు, మళ్లీ బయటికి పావు, వెరసి అర తరంగం ప్రయాణం. దాంతో గోడ స్వభావమే మారిపోయి, అన్ని దిశల్లోనూ తరంగం గోడ దగ్గర మెత్తగా తగ్గుతుంది. పారకం గుండ్రంగా, సమానంగా వస్తుంది.

చెప్పడానికి రెండు నిమిషాలు. డీటీహెచ్ తరంగానికి గాడి లోతు ఆరు మిల్లీమీటర్లు. సన్నటి మూతి గుండా లోపలికి పనిముట్టు పంపి, అల్యూమినియం దిమ్మలో కంటికి కనపడని చోట గాడి కోయాలి. పనిముట్టు వణికితే గోడ చిరుగుతుంది. హైదరాబాదు బాలానగర్‌లో లేతు మీద ఆ పని చేసే ఒక పెద్దాయన ఉండేవాడు. బడికి నాలుగో తరగతి వరకే వెళ్లాడు. శబ్దం విని చెప్పేవాడు, "సార్, పదకొండో గాడి దగ్గర లోహం గట్టిపడింది, మెల్లగా పోనిస్తున్నా" అని. నేను కొలత గదిలో గ్రాఫు మీద చూసి తెలుసుకునేది ఆయన చెవితో ముందే తెలుసుకునేవాడు. నా డిగ్రీ కాగితం కన్నా ఆ చెవి మా కంపెనీకి ఎక్కువ సంపాదించి పెట్టింది.

మన వేదిక మీద ఎడ్లబండి బొమ్మ పెట్టారు, బాగుంది. ఎడ్లబండి మీద ఉపగ్రహం ఫోటో మీరంతా చూసే ఉంటారు. అది యాపిల్ అనే మన ఉపగ్రహం, 1981 జూన్‌లో ఎగిరింది. ఆ ఫోటో చూసి పేదరికం అని కొందరు నవ్వుతారు. అసలు సంగతి యాంటెన్నా పరీక్ష. లోహపు లారీ మీద పెడితే తరంగాలు లారీకి తగిలి తిరిగొచ్చి కొలత చెడుతుంది. చెక్క బండి తరంగానికి అంతగా అడ్డం రాదు. అందుకని తెలిసే ఎడ్లబండి ఎక్కించారు.

2023 ఆగస్టు 23 సాయంత్రం చంద్రయాన్-3 దిగుతుంటే మన బడి పిల్లలు తెర పెట్టుకుని చూశారట. ఇలాంటి యాత్రల కోసమే బెంగళూరు దాటాక బ్యాలాలు దగ్గర 32 మీటర్ల డిష్షు ఉంది, ఈసీఐఎల్ కట్టింది. ఆ డిష్షుకు పడ్డ తరంగాన్ని అద్దాల మీదుగా దించి కింద గదిలోకి తెస్తారు. ఆ గదిలో నిలబడి దాన్ని అందుకునేది గరాటే.

ఆ సంగతులు చెప్పమని పోయిన జనవరిలో నన్ను బడికి పిలిచారు. అంతా అయ్యాక తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె లేచి, "సార్, ఇది మేం చేయొచ్చా, లేక చూడాల్సిందేనా?" అని అడిగింది. వాళ్ల నాన్న శెనక్కాయ పోయాక బెంగళూరులో సెంట్రింగ్ పనికి వెళ్తాడని తర్వాత అయ్యవారు చెప్పారు. చేయొచ్చమ్మా అన్నాను. ఎక్కడ చేస్తారో చూద్దామని ప్రయోగశాల తెరిపించమంటే తాళం చెవి దొరకడానికి అరగంట పట్టింది. లోపల ఎన్నికల పెట్టెలు, విరిగిన బల్లలు.

ఈ స్వర్ణోత్సవ నిధిలో ఎక్కువ భాగం ముఖద్వారానికి, ఆర్చికి అనుకున్నారు. నా వంతు నేనూ ఇచ్చాను, వెనక్కి అడగను. కానీ ఆర్చి ఈ ఏడాది కట్టకపోతే ఎవరికీ ఏమీ కాదు. ఆ అమ్మాయి వచ్చే మార్చిలో పదో తరగతి రాసి వెళ్లిపోతుంది. కాబట్టి ముందు ప్రయోగశాల తెరవండి, బల్లలు వేయండి, కరెంటు బాగు చేయించండి. మిగిలితే ఆర్చి కట్టండి. ఈ మాట చెప్పడానికే ఇంతసేపు గరాటు పురాణం చదివాను, కార్యదర్శి క్షమించాలి.

ఏం చేయిస్తావు అని అడుగుతారు. హైడ్రోజన్ వినిపిస్తాను. పాలపుంతలోని హైడ్రోజన్ వాయువు 1420 మెగాహెర్ట్జ్ దగ్గర, 21 సెంటీమీటర్ల తరంగం వదులుతుంది. 1951లో హార్వర్డ్‌లో ఈవెన్, పర్సెల్ అనే ఇద్దరు దాన్ని మొదటిసారి పట్టారు. దేనితో? ప్లైవుడ్డుకు రాగి రేకు తొడిగిన గరాటుతో, కిటికీలోంచి బయటికి పెట్టి. వాన వస్తే నీళ్లు గరాటులోంచి గదిలోకి వచ్చేవి, కుర్రాళ్లు మంచు ముద్దలు దానిలోకి విసిరేవాళ్లు. మనకు ఆ రెండు బాధలూ లేవు.

గరాటు మూతి 75 సెంటీమీటర్లు చాలు. ట్రంకు పెట్టెలు చేసే రేకుల అంగడిలో ఒక పూట పని. వెనక 165 మిల్లీమీటర్ల వెడల్పు, 83 ఎత్తు ఉన్న రేకు పెట్టె, దానిలో అయిదు సెంటీమీటర్ల రాగి కడ్డీ. ఆ కడ్డీ వెనక ఒక చిన్న ఆంప్లిఫయరు, వడపోత, కంప్యూటరుకు గుచ్చే రిసీవరు. అన్నీ కలిపి ఒక మంచి సెల్‌ఫోను ధర మించదు. అక్టోబరు, నవంబరు సాయంత్రాల్లో మేడ మీద పెట్టి పాలపుంత వైపు తిప్పితే గ్రాఫు మీద చిన్న గుట్ట లేస్తుంది. ఆ గుట్ట ఎంత పక్కకు జరిగిందో కొలిస్తే పాలపుంత చేతులు మన వైపు వస్తున్నాయా, పోతున్నాయా తెలుస్తుంది. తొమ్మిదో తరగతి లెక్కలు చాలు.

కేబుల్ మిత్రుడు తన పాత గరాటు ఇస్తానన్నాడు, విప్పి చూపించడానికి. కుమ్మరి పురుగు గూడు తీసేయమని చెప్పాను, వద్దు ఉంచుతా అంటున్నాడు. రేకు, రిసీవరు నేను తెస్తాను. రేపు ఆదివారం ఉదయం పది గంటలకు ప్రయోగశాల దగ్గర ఉంటాను. బల్లలు బయటికి మోయడానికి నలుగురు వస్తే చాలు. తాళం చెవి ఎవరి దగ్గర ఉందో ఇవాళే కనుక్కోండి.